షో గుర్రానికి ఏ బిట్? ముందు నోరు, తర్వాత రూల్‌బుక్, బలం ఆఖర్న

బిట్, అంటే గుర్రం నోట్లో పెట్టే కళ్లెం కడ్డీ, మార్చాలన్న ఆలోచన చాలామందికి షోకి (గుర్రాల ప్రదర్శన పోటీకి) వారం ముందు వస్తుంది. గుర్రం పగ్గాల మీద వాలిపోతోందనో, తల విసురుతోందనో, పక్క గుర్రం ఏదో కొత్త బిట్‌తో రిబ్బను కొట్టిందనో కారణం ఉంటుంది. అక్కణ్నుంచి వెతుకులాటంతా "ఇంకాస్త గట్టిది" కోసమే సాగుతుంది. ఆ దారి తప్పు. మొదట ఈ గుర్రం నోట్లో ఎంత చోటుందో చూడాలి. తర్వాత దిగబోయే క్లాసు (పోటీ విభాగం) నియమాలు చదవాలి. ఆ పైన రౌతు చెయ్యి ఎంత నిలకడగా ఉంటుందో నిజాయితీగా తేల్చుకోవాలి. ఈ మూడు జల్లెళ్లూ దాటాక మిగిలేది రెండు మూడు బిట్లే. పోల్చుకోవలసింది వాటినే.

నోట్లో ఉన్న చోటు

కింది దవడలో ముందరి కొరుకుడు పళ్లకీ వెనక నమిలే పళ్లకీ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. బిట్ కూర్చునేది అక్కడ. ఖాళీ కదా అని అది మెత్తటి చోటు అనుకోకూడదు. పల్చటి పొర కింద ఎముక అంచు ఉంటుంది, కొన్ని గుర్రాల్లో ఆ అంచు వేలికి పదునుగానే తగులుతుంది. దాని మధ్య నాలుక. నోరు మూసుకున్నప్పుడు నాలుక అంగిలి దాకా నిండే ఉంటుంది, బిట్ కోసమని విడిగా చోటేమీ మిగలదు. ఏ బిట్ పెట్టినా నాలుకని నొక్కుకునే చోటు చేసుకుంటుంది.

అందుకే "లావు బిట్ మెత్తన, సన్న బిట్ కఠినం" అన్న పాత మాట సగమే నిజం. లావు బిట్ ఒత్తిడిని ఎక్కువ మేర పంచుతుంది, నిజమే. కానీ నాలుక కండగా, అంగిలి కిందికి ఉన్న గుర్రానికి 20 మి.మీ. బిట్ పెడితే అది నోరు మూసుకోలేదు. ఫిన్లాండ్‌లో ఈవెంటింగ్ (మూడు దశల స్వారీ పోటీ) గుర్రాల నోళ్లను పోటీ తర్వాత పరీక్షించినప్పుడు, 14 నుంచి 17 మి.మీ. బిట్లు వాడిన వాటికంటే 10–13 మి.మీ. సన్న బిట్లు, 18–22 మి.మీ. లావు బిట్లు వాడిన వాటికే ఓ మోస్తరు నుంచి తీవ్రమైన గాయాల ముప్పు ఎక్కువని తేలింది. ఏది కొనాలో తెలియనప్పుడు 14–16 మి.మీ. దగ్గర మొదలుపెట్టడం మంచిది. లావు కొలిచేది చెంప రింగు (కడ్డీ చివర ఉండే రింగు) పక్కన, మధ్యలో కాదు.

చోటు చూడటానికి నోరు బలవంతంగా తెరవక్కర్లేదు. పక్కన నిలబడి, బిట్ కూర్చునే చోట పెదవిని వేళ్లతో మెల్లగా విడదీయండి. నాలుక దవడ అంచు దాటి పక్కకి పొంగి కనిపిస్తే అది లావు నాలుక. ఆ గుర్రానికి సన్నపాటి బిట్టో, నాలుకకి చోటిచ్చే వంపున్న బిట్టో కావాలి. తర్వాత శుభ్రమైన రెండు వేళ్లని అదే ఖాళీలోంచి నాలుకకీ అంగిలికీ మధ్య పెట్టండి. వేళ్లు నలిగినట్టు అనిపిస్తే పై చోటు కూడా తక్కువే. వేళ్లను పళ్ల వైపు మాత్రం పోనివ్వకండి.

పళ్ల సంగతి తేలకుండా బిట్ సంగతి తేలదు. నమిలే పళ్ల ముందు, ఎక్కువగా పై దవడలో, వచ్చే చిన్న వుల్ఫ్ టీత్ బిట్‌కి తగిలితే గుర్రం ఒక పక్కకి తిరగనంటుంది. రౌతు దాన్ని మొండితనం అనుకుంటాడు. రెండున్నర ఏళ్ల నుంచి నాలుగేళ్ల దాకా నమిలే పాలపళ్లు ఊడుతూ ఉంటాయి. మగ గుర్రాలకి నాలుగైదేళ్ల మధ్య కోరపళ్లు వస్తాయి. ఆ నెలల్లో నిన్నటిదాకా ఒప్పుకున్న బిట్‌ని ఇవాళ ఒప్పుకోకపోవడం మామూలే. పెద్ద గుర్రానికి ఏడాదికోసారి, ఐదేళ్ల లోపు దానికి ఆరు నెలలకోసారి పళ్ల వైద్యుడికి చూపించండి. కొత్త బిట్ కొనాలనుకునే ప్రతిసారీ ముందు ఈ తేదీ ఎప్పుడు దాటిందో చూసుకోండి.

కొలత

సన్నటి గుండ్రటి చెక్క కడ్డీని బిట్ కూర్చునే చోట అడ్డంగా పెట్టి, రెండు పక్కలా పెదవులు ముగిసే చోట గుర్తు పెట్టండి. గుర్తుల మధ్య దూరమే నోటి వెడల్పు. ఎక్కువ గుర్రాలకి అది 5 అంగుళాల చుట్టుపక్కల, అంటే 125–130 మి.మీ. ఉంటుంది. పోనీలకి నాలుగు, నాలుగున్నర. పెద్ద వార్మ్‌బ్లడ్ జాతి గుర్రాలకి ఐదున్నర దాటవచ్చు. గుర్రం ఎత్తుని బట్టి అంచనా వేయకండి, పెద్ద ఒంటికి చిన్న మూతి ఉన్నవి చాలా ఉంటాయి.

రింగు కదిలే లూజ్ రింగ్ బిట్‌కి ఈ కొలత మీద ఒక్కో పక్క సుమారు 6 మి.మీ. కలపాలి. లేకపోతే రింగు తిరిగే రంధ్రంలో పెదవి చర్మం నలుగుతుంది. ఎగ్‌బట్, డీ రింగ్ వంటి కదలని చెంపలకి (బిట్ పక్క భాగాలకి) ఒక్కో పక్క 3 మి.మీ. చాలు. కీలున్న బిట్‌ని బల్ల మీద తిన్నగా చాపి కొలవాలి. ఇరుకైతే పెదవుల మూలలు ఒరుసుకుంటాయని అందరికీ తెలుసు. వెడల్పైతే వచ్చే నష్టం మీద మాత్రం చూపు తక్కువ. ఒక పగ్గం లాగగానే బిట్ పక్కకి జారుతుంది, మధ్య కీలు ఒక దవడ మీదికి వస్తుంది, గుర్రం తల వంకరగా పట్టుకోవడం మొదలుపెడుతుంది.

స్నాఫిల్‌లో చెంపలు

గొలుసు లేకుండా, పగ్గాన్ని కడ్డీ చివరి రింగుకే కట్టే మామూలు బిట్ స్నాఫిల్. అందులో లూజ్ రింగ్ చేతితో పాటు కదులుతుంది. బిట్ నోట్లో తేలుతున్నట్టు ఉంటుంది కాబట్టి దాని మీద వాలే గుర్రానికి ఆసరా దొరకదు. చేతులు నిలకడ లేని రౌతుకి మాత్రం ఇది సరిపడదు, ఆ చిన్న కదలికలన్నీ నోటికి చేరతాయి. ఎగ్‌బట్ నిలకడగా ఉంటుంది, మూలల్ని నలపదు. పగ్గం అందుకోవడానికి జంకే గుర్రానికి ఇదే నా మొదటి సలహా. డీ రింగ్, పైకీ కిందికీ కొమ్ములున్న ఫుల్ చీక్ రెండూ చెంప పక్కనుంచి తోడ్పడతాయి. ఎడమ పగ్గం తీసుకుంటే కుడి చెంప మీద ఒత్తిడి పడి తిరగమని చెబుతుంది. చిన్న గుర్రాలకి, మలుపుల్లో భుజం జార్చే వాటికి బాగుంటాయి. ఫుల్ చీక్ పై కొమ్ముని తోలు కీపర్‌తో చెంప పట్టీకి కట్టుకోండి. కట్టకపోతే అది ఎక్కడైనా చిక్కుకునే ప్రమాదం ఉంది.

హాంగింగ్ చీక్ అనే బౌచర్ గురించి ఒక తప్పు నమ్మకం బలంగా ఉంది. అది నడినెత్తి మీద ఒత్తిడి తెస్తుందంటారు. పగ్గం బిగించి చెంప పట్టీ మీద వేలు పెట్టి చూడండి, పట్టీ బిగుసుకోదు, వదులవుతుంది. బౌచర్ గొప్పతనం మరొకటి. అది వేలాడుతూ నోట్లో కదలకుండా ఉంటుంది. బిట్‌తో ఆడుతూ నాలుక వెనక్కి లాక్కునే గుర్రాలు దాంతో కుదుటపడటం తరచుగా కనిపిస్తుంది.

స్నాఫిల్‌లో నోటి కడ్డీ

ఒకే కీలున్న స్నాఫిల్ రెండు పగ్గాలూ కలిపి లాగినప్పుడు అడకత్తెరలా దవడని రెండు పక్కలా పట్టుకుంటుంది. కీలు పైకి లేచి అంగిలిని పొడుస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. నోట్లో బిట్ కదలికని ఎక్స్‌రేలతో చూసినప్పుడు మరో సంగతి కనిపించింది. పగ్గం బిగిసినప్పుడు కీలు అంగిలి నుంచి దూరంగా జరిగి నాలుకలోకి దిగుతుంది. అంటే ఎక్కువ గుర్రాల్లో దీని భారమంతా నాలుక మీదే. లావు నాలుక గుర్రం ఒకే కీలు బిట్‌తో నోరు తెరుస్తోందంటే అదే కారణం కావచ్చు. ముక్కు పట్టీ బిగిస్తే ఆ బాధ బయటికి కనిపించదు, అంతే.

రెండు కీళ్లూ మధ్యలో గుండ్రటి గింజా ఉన్న లాజెంజ్ బిట్ నాలుక చుట్టూ ఒదుగుతుంది. ఫ్రెంచ్ లింక్‌లో గింజ బదులు అంచులు గుండ్రం చేసిన చిన్న పలక నాలుక మీద చదునుగా పడుతుంది. దానిలాగే కనిపించే డాక్టర్ బ్రిస్టల్ పలక మాత్రం వాలుగా అమర్చి ఉంటుంది, దాని అంచు నాలుకని నొక్కుతుంది. కొనేటప్పుడు ఈ రెంటినీ పొరబడేవాళ్లు చాలామంది. పగ్గం లాగినట్టు బిట్‌ని అరచేతి మీద వంచి పట్టుకుంటే పలక చదునుగా పడుతోందో అంచు దిగుతోందో తెలిసిపోతుంది. డాక్టర్ బ్రిస్టల్ డ్రెసేజ్‌లో (గుర్రం కదలికల నేర్పు చూసే పోటీలో) చెల్లదు.

కీలు లేని, కొంచెం వంపున్న ముల్లెన్ కడ్డీ కదలదు, దవడని పట్టదు. కానీ నాలుకంతటి మీదా ఒకేసారి పడుతుంది, ఒక పక్క పగ్గానికి స్పష్టమైన సూచన ఇవ్వదు. మధ్యలో కమాను ఉన్న పోర్ట్ బిట్ నాలుకకి చోటిస్తుంది, నాలుక మోయని భారాన్ని దవడ అంచులు మోస్తాయి. కమాను వెడల్పుగా ఉంటేనే ఈ చోటు దక్కుతుంది. ఇరుకైన కమాను నాలుక అంచుల్ని నొక్కుతుంది.

మెలితిప్పిన కడ్డీలు, తీగ బిట్లు షో గుర్రం సామాన్లలో అక్కర్లేదు. అవి బాధతో ఆపుతాయి. బాధకి అలవాటు పడ్డ నోటికి తర్వాత ఏదీ పనిచేయదు.

లోహం మీద ఎక్కువ మథనపడొద్దు. స్టెయిన్‌లెస్ స్టీలు మన్నుతుంది. స్వీట్ ఐరన్ తుప్పు పడుతుంది, చాలా గుర్రాలు ఆ రుచికి నోరు తడి చేసుకుంటాయి. రాగి కలిసినవి మెత్తన కాబట్టి కీళ్ల దగ్గర త్వరగా అరుగుతాయి. రబ్బరు బిట్ మీద పళ్ల గాట్లు పడగానే పారేయాలి, గాటు అంచు బ్లేడులా కోస్తుంది.

పెల్‌హమ్, కింబుల్‌విక్, డబుల్ బ్రైడిల్

గడ్డం కింద గొలుసున్న బిట్లలో, అంటే కర్బ్‌లలో, లెక్క మారుతుంది. నోటి కడ్డీకి పైనున్న చెంప పొడవూ కింద ఉన్న షాంక్ (పగ్గం కట్టే కాడ) పొడవూ పోల్చి చూడాలి. పైన ఒకటిన్నర అంగుళం, కింద నాలుగున్నర ఉంటే నిష్పత్తి 1:3. కింది పగ్గాన్ని 1 కిలో బలంతో లాగితే గడ్డం గొలుసు మీద సుమారు 3 కిలోలు పడుతుంది. దవడ అంచుల మీద ఆ రెండూ కలిసి 4 దాకా వెళ్తుంది. ఈ లెక్క గుర్తుంటే "కొంచెం పట్టుకున్నానంతే" అనే మాట రాదు. షాంక్ పొడవు ఒకటే చూడటం కూడా పొరపాటు. పై చెంప పొట్టిగా ఉన్న బిట్ గబుక్కున పనిచేస్తుంది. షాంక్ పొడవుగా, పై చెంప కూడా పొడవుగా ఉన్నది నెమ్మదిగా తిరుగుతుంది, వదలడానికి గుర్రానికి కాస్త వ్యవధి ఇస్తుంది.

ఒకే కడ్డీకి పక్కన రింగూ కింద షాంకూ ఉన్న పెల్‌హమ్‌కి రెండు పగ్గాలు వేస్తే మామూలు నడకంతా పై పగ్గంతో నడిపి, అవసరమైన క్షణంలో మాత్రమే కింది పగ్గం తాకించవచ్చు. రెండూ కలిపే తోలు కన్వర్టర్ వేస్తే ఈ లాభం పోతుంది, గొలుసు ఎప్పుడూ ఎంతో కొంత పట్టే ఉంటుంది. దవడ పొట్టిగా ఉన్న కాబ్‌ల వంటి గుర్రాలకి పెల్‌హమ్ బాగా అమరుతుంది. మూతి పొడవైన వాటికి గొలుసు గడ్డం గాడిలోంచి పైకి జారి ఎముకని ఒరుస్తుంది. అప్పుడు గొలుసుని పై పగ్గం కట్టే రింగులోంచి దూర్చి వేస్తే కొంత నిలుస్తుంది.

కింబుల్‌విక్ ఒకే పగ్గంతో తేలికపాటి కర్బ్. రింగులో గాడులున్న రకంలో పై గాడి మెత్తన, కింది గాడి గట్టి. చిన్న పిల్లలు బలమైన పోనీల మీద ఎక్కినప్పుడు ఉపయోగం. నిత్యం వాడితే పోనీ దాని మీద వాలడం నేర్చుకుంటుంది.

డబుల్ బ్రైడిల్‌లో బ్రిడూన్ (సన్నటి స్నాఫిల్), వేమౌత్ (కర్బ్) అనే రెండు బిట్లుంటాయి. బ్రిడూన్ పెదవుల మూలలో, వేమౌత్ దానికి 1–1.5 సెం.మీ. కింద, కోరపన్నుకి తగలకుండా కూర్చోవాలి. బ్రిడూన్ రింగు కదిలేది కాబట్టి వేమౌత్ కంటే పావు అంగుళం వెడల్పు ఎక్కువ తీసుకుంటారు. నోట్లో రెండు లోహాలకి చోటుందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మొదట చెప్పిన రెండు వేళ్ల పరీక్షలో ఇరుకని తేలిన గుర్రానికి డబుల్ కంటే పెల్‌హమ్ దయగలది. డబుల్ పెట్టాల్సి వస్తే వెడల్పు పోర్ట్ ఉన్న వేమౌత్, 5 సెం.మీ. పొట్టి షాంక్, సన్నటి బ్రిడూన్ దగ్గర మొదలుపెట్టండి. స్నాఫిల్‌లో ఒద్దికగా రాని గుర్రానికి డబుల్ పెడితే మెడ ముడుచుకుంటుంది గానీ వెనక కాళ్లు ముందుకి రావు. జడ్జి ఆ తేడా చూస్తాడు.

క్లాసు ఏది ఒప్పుకుంటుంది

అమెరికా హంటర్ క్లాసుల్లో (గుర్రం నడక, దూకే తీరు చూసే పోటీల్లో) మామూలు కేవెసన్ ముక్కు పట్టీతో స్నాఫిల్, పెల్‌హమ్, ఫుల్ బ్రైడిల్ (డబుల్ బ్రైడిలే) సంప్రదాయం. దాన్ని దాటిన బిట్లకి జడ్జి మార్కులు తగ్గించవచ్చు. గ్యాగ్‌లు, మూడు రింగుల బిట్లు జంపింగ్‌లో కనిపిస్తాయి గానీ ఈ క్లాసుల్లో పనికిరావు.

బ్రిటన్ షోయింగ్‌లో నోవిస్ క్లాసులకి స్నాఫిల్, ఓపెన్ క్లాసులకి డబుల్ లేదా పెల్‌హమ్ వాడుక. అక్కడ షో హంటర్, హ్యాక్, కాబ్ క్లాసుల్లో జడ్జి స్వయంగా గుర్రం ఎక్కి నడిపి చూస్తారు. ఈ ఒక్క సంగతీ ఎంపికని మార్చేయాలి. మీ చేతికి అలవాటైన సున్నితమైన పొడవు షాంక్ వేమౌత్‌తో గుర్రం ఇంట్లో అద్భుతంగా నడవవచ్చు. పరిచయం లేని, కాస్త బరువైన చెయ్యి పడగానే అదే గుర్రం వెనక్కి ముడుచుకుంటుంది, ఒక్కోసారి లేస్తుంది కూడా. రౌతు కొద్దీ గుర్రం అన్నారు కదా, ఇక్కడ రౌతు మారుతున్నాడు. అలాంటి క్లాసుకి తప్పుని మన్నించే బిట్ కావాలి. ముల్లెన్ లేదా తక్కువ పోర్ట్ పెల్‌హమ్, లేదా పొట్టి షాంక్ డబుల్. షోకి ముందు ఇద్దరు ముగ్గురు వేరే రౌతుల్ని ఎక్కించి చూడండి.

డ్రెసేజ్‌లో కొలతలే నియమం. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఈఐ నియమాల్లో కర్బ్ కడ్డీ కనీసం 12 మి.మీ., బ్రిడూన్ కనీసం 10 మి.మీ., యువ గుర్రాల క్లాసుల్లో స్నాఫిల్ కనీసం 14 మి.మీ. లావు ఉండాలి. కర్బ్ షాంక్ నోటి కడ్డీ కింద 10 సెం.మీ. మించకూడదు. అమెరికా జాతీయ పోటీల్లో డబుల్ మూడో స్థాయి నుంచి వాడవచ్చు, తప్పనిసరి కాదు. నోట్లో తాజా రక్తం కనిపిస్తే గుర్రాన్ని పోటీ నుంచి తొలగిస్తారు.

వెస్టర్న్ (కౌబాయ్ తరహా స్వారీ) క్లాసుల్లో అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ లెక్క వేరు. ఐదేళ్లు, ఆ లోపు గుర్రాల్ని జూనియర్ క్లాసుల్లో స్నాఫిల్‌తో రెండు చేతులా నడపవచ్చు. సీనియర్ గుర్రాలకి ఒక చేత్తో కర్బ్ సంప్రదాయం. కర్బ్ షాంక్ మొత్తం పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు, పోర్ట్ ఎత్తు మూడున్నర అంగుళాలు మించకూడదు. గడ్డం పట్టీ కనీసం అర అంగుళం వెడల్పుతో దవడకి చదునుగా ఉండాలి. ఎక్కడైనా ఈ ఏటి రూల్‌బుక్‌లో మీ క్లాసు పేజీ చదివాకే డబ్బు పెట్టండి. నిరుటి బిట్ ఈ ఏడు చెల్లకపోవచ్చు. పోటీకి ముందు గుర్రాన్ని కదిలించే వార్మప్ బరిలోనూ అవే నియమాలు వర్తిస్తాయేమో అదే పేజీలో చూసుకోండి.

గుర్రం చెప్పేదాన్ని బట్టి

పగ్గాల మీద వాలే గుర్రానికి లూజ్ రింగ్ లాజెంజ్ ఇచ్చి చూడండి. అయితే వాలడం పది నిమిషాల తర్వాత మొదలైతే అది అలసట. బిట్ దానికి మందు కాదు. తల విసిరే గుర్రానికి పళ్లు, జీను, ముక్కు పట్టీ చూశాక ఒకే కీలు తీసి రెండు కీళ్లది పెట్టండి. నాలుక బిట్ మీదికి వేసుకునే గుర్రానికి బిట్ బహుశా కిందికి ఉంది, లేదా లావు. ఒక రంధ్రం పైకి ఎత్తి, తర్వాత నాలుకకి చోటిచ్చే బిట్ చూడండి. పగ్గం తాకగానే గడ్డాన్ని ఛాతీకి ముడుచుకునే గుర్రం నుంచి కర్బ్ తీసేయండి, ఎగ్‌బట్ లేదా బౌచర్‌లో కొన్ని వారాలు తొక్కండి. ఇంట్లో నెమ్మదిగా ఉండి షోలో మాత్రమే బలం చూపే గుర్రానికి ముల్లెన్ పెల్‌హమ్ రెండు పగ్గాలతో సరిపోవచ్చు. దానికంటే ముందు గంటసేపు షో ప్రాంగణంలో ఊరికే నడిపించి చూడండి, చాలాసార్లు అదే చాలు.

అమరిక

నోటి మూలలో ఒకటి రెండు ముడతలు పడాలన్నది మొదలుపెట్టడానికి పనికొచ్చే కొలతే, కానీ పెదవులు కండగా ఉన్న గుర్రాల్లో అది మోసం చేస్తుంది. బిట్ మూలకి ఖాళీ లేకుండా తాకాలి, పైకి లాగకూడదు, కోరపన్నుకి దూరంగా ఉండాలి. పగ్గం పట్టించి కూడా చూడండి. పగ్గం బిగిసినప్పుడు చెంప పట్టీ సడలి బయటికి ఉబికితే ఒక రంధ్రం పైకి ఎత్తాలి.

గొలుసుని కుడి కొక్కేనికి తగిలించి, కడియాలన్నీ చదునుగా పడేదాకా మెలిపెట్టి, ఎడమ కొక్కేనికి వేయండి. షాంక్ నోటి గీతతో 45 డిగ్రీల దాకా తిరిగాక గొలుసు గాడిలో పట్టాలి. అంతకు ముందే పడితే గుర్రానికి విడుపు లేదు. మరీ వదులైతే షాంక్ అడ్డంగా తిరిగిపోతుంది, పోర్ట్ అంగిలి వైపు లేస్తుంది. వదులు గొలుసు దయ అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ముక్కు పట్టీ కింద, ముక్కు ఎముక మీద, రెండు వేళ్లు పట్టాలి. పక్కన కండ మీద పెట్టి చూస్తే ఎంత బిగువైనా రెండు వేళ్లు పడతాయి, ఆ కొలత లెక్కలోకి రాదు. ఎఫ్‌ఈఐ పోటీల్లో 2025 నుంచి దీన్ని కొలిచే పరికరం వాడుతున్నారు.

పరీక్షించే పద్ధతి

ఒకసారి ఒకటే మార్చండి. బిట్, ముక్కు పట్టీ, జీను మెత్త అన్నీ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి రోజు పగ్గాలు లేకుండా బిట్ పెట్టి పావుగంట నడిపించండి. రెండో రోజు ఇరవై నిమిషాలు నడక, ట్రాట్ (నెమ్మది పరుగు) మాత్రమే. కేంటర్ (దౌడు), వృత్తాలు తర్వాత. నాలుగైదు స్వారీలు కాకుండా తీర్పు ఇవ్వకండి. మొదటి స్వారీలో గుర్రం అద్భుతంగా మెత్తబడటం ఎక్కువసార్లు కొత్తదనం చలవే, పదో రోజున పాత అలవాటు తిరిగొస్తుంది.

ప్రతి స్వారీ తర్వాత తెల్లటి గుడ్డతో నోటి మూలలు తుడిచి చూడండి. పెదవి లోపల ఎరుపు, దవడ అంచు మీద నీలం మచ్చ, నాలుక అంచున గీత, గుడ్డ మీద గులాబీ రంగు, వీటిలో ఏది కనిపించినా ఆ బిట్ ఆగిపోవాలి, మానేదాకా నోట్లో ఏదీ పెట్టకూడదు. గొలుసు గాడిలో వెంట్రుకలు అరిగినా అంతే. నోటి ముందు పలచటి నురగ, ముడతలు లేని కనురెప్పలు, పగ్గం వదిలినప్పుడు మెడ ముందుకి చాచడం, ఇవి కనిపిస్తే ఎంపిక కుదిరినట్టే.

కుదిరిన బిట్ కొలత, లావు, ఏ రంధ్రంలో కట్టారో, గొలుసు ఏ కడియానికి వేశారో ఒక కాగితం మీద రాసి సామాన్ల పెట్టెలో ఉంచండి. షోకి అదే కొలతలో రెండో బిట్ తీసుకెళ్లండి. చివరి రెండు వారాల్లో మాత్రం ఏ బిట్టూ మార్చకండి.